బుట్ట కింద కోడి

తమ్ముడు బదావీ పండగ బుట్ట తెచ్చిన ప్రతిసారీ నబవియ్యా కోళ్ళలో ఒకటి తగ్గిపోయేది. రెండు పొట్లాల చక్కెర, గుప్పెడు ఖర్జూరాలు, ఓ సబ్బు. బుట్టంటే అంతే. దాన్ని వీధి మొదటి నుంచీ అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుని, "మా అక్కకి!" అని కేకలేసుకుంటూ వస్తాడు. మధ్యాహ్నం కోడికూర తిని మీసాలు తుడుచుకుని పోతాడు. నాన్న పోయాక భూమిలో కొడుక్కి రెండు పాళ్ళు, కూతురికి ఒక పాలు అన్నారు. అది దేవుడు పెట్టిన లెక్క. ఆ ఒక్క పాలు మీది పంట కూడా బదావీయే తింటున్నాడు, దానికి బదులు బుట్ట తెస్తున్నాడు. ఊళ్ళో ఆడవాళ్ళందరిదీ ఇదే బేరం. పుట్టింట్లో భూమి అడిగినదాని గడప తర్వాత ఏ పండక్కీ ఎవరూ తొక్కరు. మొగుడు కొట్టినా అడిగే దిక్కుండదు.

ఈసారి రంజాను ముందు బుట్టతో పాటు ఓ కాగితం కూడా తెచ్చాడు. అతను కింద ఆమె మొగుడు మిత్వల్లితో కూర్చుని టీ తాగుతుండగా, నబవియ్యా ఒక చక్కెర పొట్లం చింపుకుని డాబా ఎక్కింది.

ఎర్రకోడి గూటి మూలన తోక దించుకుని నిలబడి ఉంది. వెనకనుంచి గుడ్డుసంచి ముద్దలా ఎర్రగా బయటికి జారి ఉంది. ఆ ఎరుపు చూసి మిగతా కోళ్ళు పొడవడానికి చుట్టూ తిరుగుతున్నాయి. కోడి జాతికి కూడా జాలి లేదు. నబవియ్యా దాన్ని లాగి ఒళ్ళో పెట్టుకుంది. పైన బల్బు పట్టపగలు కూడా వెలుగుతోంది. చలికాలమంతా కోళ్ళకు చీకటి తెలియకూడదని మిత్వల్లి వేలాడదీసిన బల్బు అది. "వెలుతురుంటే పగలనుకుని పెడతానే ఉంటాయి" అని తన తెలివి వీధంతా చెప్పుకున్నాడు. ఎర్రది రెండు సొనల గుడ్లు పెడితే, ఇంటికొచ్చిన వాళ్ళకి అరచేతిలో పెట్టి చూపించాడు. పెట్టినదాని వైపు మాత్రం ఒక్కరూ చూడలేదు.

గోరువెచ్చని ఉప్పునీళ్ళతో కడిగి, వాచిన ముద్ద మీద చక్కెర దట్టంగా పోసింది. చక్కెర వాపులోని నీరు లాగేస్తుంది, అమ్మ అలాగే చేసేది. బదావీ తెచ్చిన చక్కెర ఇన్నేళ్ళకు ఒక ఆడదానికి పనికొచ్చింది. అది కరిగేదాకా ఒళ్ళో పట్టుకుని కూర్చోవాలి. కూర్చోవడమే నబవియ్యాకి చేతకాని పని. ఆఖరి కాన్పు తర్వాత ఆమెకు కూడా గర్భసంచి ఇలాగే జారింది. బిందె ఎత్తినా, పిండి పిసికినా, గేదె దగ్గర గొంతుక్కూర్చున్నా కింద బరువు వేలాడుతూ ఉంటుంది. సాయంత్రానికి నిలబడలేదు. అత్తగారితో చెప్పుకుంటే, "ఆడదానికి అది మామూలేనే. గుడ్డ కట్టుకుని పని చూసుకో. నేను చూసుకోలా?" అంది. నిజమే, ఆ ముసలమ్మ చచ్చేదాకా గుడ్డ కట్టుకునే తిరిగింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆపరేషన్ చెయ్యాలనీ, తర్వాత రెండు నెలలు బరువెత్తకూడదనీ చెప్పింది. ఆ మాట ఇంట్లో చెప్తే మిత్వల్లి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. "అయితే గేదె పాలు మీ డాక్టరమ్మొచ్చి పితుకుతుందా?" అన్నాడు. అప్పుడు నబవియ్యా కూడా నవ్వింది. ఎందుకు నవ్విందో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

వాపు దిగింది. వేలికి నూనె రాసుకుని ముద్దను మెల్లగా లోపలికి నెట్టి, అలాగే అదిమిపట్టింది. కోడి గుండె ఆమె అరచేతిలో దడదడలాడుతోంది.

మిత్వల్లి కత్తి పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. "ఏమే, జోల పాడుతున్నావా దానికి? ఇటియ్యి. బావమరిదికి ఆకలేస్తోంది."

"దీన్ని కొయ్యను. నయమవుతుంది. కొన్నాళ్ళు గుడ్డు పెట్టకుండా ఉంటే చాలు."

"గుడ్డు పెట్టనిదానికి మేతెందుకే?"

నబవియ్యా తలెత్తి అతన్ని చూసింది. జవాబు చెప్పేలోపు బదావీ కాగితం, సిరాదిండు పట్టుకుని పైకొచ్చాడు. నబవియ్యాకు చదువు రాదు. పేరు చెక్కిన ఇత్తడి ముద్రే ఆమె సంతకం. చిటికెన వేలంత ఉంటుంది, పెళ్ళినాడు అమ్మ మెడలో వేసింది.

"అక్కా, ఆ ముద్ర ఇటియ్యి. నేనే వేసుకుంటాలే, నీ చేతులు మురికిగా ఉన్నాయి."

"ఏం కాగితమది?"

"కాలువ గట్టున నాన్న పొలం అమ్మేస్తున్నా. కొనేవాడు నీ ముద్ర కూడా ఉండాలంటున్నాడు. ఊరికే, మాట వరసకి."

"మాట వరసకైతే మాటతోనే సరిపెట్టుకోమను."

బదావీ నవ్వు ఆగిపోయింది. మిత్వల్లి కొడుకు పేరు కలిపి పిలుస్తూ అందుకున్నాడు. "వేసెయ్యవే హమ్దీ అమ్మా. మనకో దూడనిస్తానన్నాడు."

టీ గ్లాసులు ఖాళీ అయ్యేలోపే కింద ఆ బేరం కుదిరిపోయిందన్నమాట.

"దూడని ఎవరు మేపుతారు?"

"అదేం ప్రశ్న? నువ్వే."

నబవియ్యా కోడిని గంప కింద పెట్టి, పైన గోనెసంచి కప్పింది. లేచి బల్బు విప్పేసింది. ఇక కొన్నాళ్ళు కోడికి చీకటి, కాస్త మేత. ఇవ్వడం మానిపించడమే దీనికి మందు. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి ఆమెకు సగం బతుకు పట్టింది.

"ముద్ర వెయ్యను. నా పాలు భూమి నేనే అమ్ముకుని ఆపరేషన్ చేయించుకుంటా. రెండు నెలలు పడుకుంటా."

"రెండు నెలలే! మరి గేదె?" మిత్వల్లి గొంతు కీచుమంది.

ఆమె విప్పిన బల్బు అతని చేతిలో పెట్టింది. "దానికి కట్టుకో."

"చూడక్కా," బదావీ మెల్లగా అన్నాడు. "ఇవాళ ముద్ర వెయ్యకపోతే ఈ గడప మళ్ళీ తొక్కను. వెనక మనిషి లేని ఆడదాన్ని ఈ ఊరు ఎట్లా చూస్తుందో నీకు తెలుసు. తర్వాత ఏడవకు."

ఆమెకు తెలుసు. "రాకు. కోళ్ళన్నా మిగుల్తాయి," అంది.

బదావీ బుట్ట కూడా తిరిగి పట్టుకుపోయాడు. వస్తుంటే వీధి చూసింది, పోతుంటే కూడా చూసింది. ఈసారి కేకల్లేవు. మిత్వల్లి కింద గిన్నెలు తన్నుతున్నాడు, గేదె అరుస్తోంది. పితికే వేళయింది. నబవియ్యా గోడకానుకుని గంప పక్కన చతికిలబడింది. భూమి చేతికొస్తుందో రాదో, తమ్ముడు మాత్రం పోయాడు. తన పాలు ఎంతో పుట్టింట్లోగానీ, ఇక్కడగానీ ఆమె ఒక్కసారీ నోటితో అనలేదు. ఇప్పుడు గోనెసంచి మీద చెయ్యి వేసి, లోపలిదానికి మాత్రమే వినబడేలా అంది.

"పది కీరాతులు. ఎకరంలో సగం కూడా ఉండదు. కాలువ గట్టున, నీళ్ళు ముందు పారే వైపు."