డిపోలో తెలిసినవాళ్ళు

"ఆ కూర గిన్నె ఇటు జరుపు." ఆదివారం భోజనాల బల్ల దగ్గర చిన్నకోడలితో ఈ మాట తప్ప వేరే మాట ఎవరైనా మాట్లాడి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తులేదు. ఇంటిల్లిపాదీ కలిసి కూర్చునేది వారానికి ఆ ఒక్క పూటే. పైవాటాలో బావగారూ తోడికోడలూ ఉంటారు. కిందివాటాలో అత్తగారు, తను, తన మొగుడు. వంట కిందే, అంట్లు తోమడమూ కిందే. పెద్దకోడలు మెట్లు దిగేది సరిగ్గా గిన్నెల మీద మూతలు తీసే వేళకి. వచ్చి కూర్చుని నోరు విప్పిందంటే చాలు, ఇల్లంతా ఒళ్ళు చెవులు చేసుకుని వింటుంది. పోనీ ఆవిడ చెప్పేదేమన్నా బ్రహ్మవిద్యా? దుప్పట్లు అమ్మేవాడితో బేరమాడిన వైనం! "వాడు ఎంత చెప్పినా నేను నవ్వి ఊరుకున్నా" అంటుంది. దానికే బావగారు పగలబడి నవ్వుతారు. అత్తగారు "దీనికి నోరిచ్చాడమ్మా దేవుడు" అని మురిసిపోతుంది. చివరికి తాళి కట్టినవాడు కూడా ముద్ద చేత్తో పట్టుకుని, నోట్లో పెట్టుకోవడం మరిచిపోయి, "తర్వాతేమైంది వదినా?" అంటాడు. చిన్నకోడలు ఈ ఇంటికొచ్చి ఏడేళ్ళయింది. ఆ ప్రశ్న ఆమెని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు.

కడుపు మండదూ మరి? అసూయ అంటారా, అనండి. ఆమె కాదనదు. తోడికోడలి చీరలు చూసి ఆమె ఎన్నడూ కుళ్ళుకోలేదు, పైవాటా చల్లగాలి చూసీ కుళ్ళుకోలేదు. ఆవిడ మాట్లాడుతున్నప్పుడు వాళ్ళ ముఖాలు అటు తిరిగే తీరుందే, అది చూస్తేనే ఒంటికి కారం రాసుకున్నట్టుండేది.

అలాగని ఈమెకి చెప్పుకోవడానికి ఏమీ లేదా అంటే, బోలెడుంది. ఊరంతటికీ పెట్రోలు పంపే డిపోలో ఆమె గుమస్తా. ఏ ట్యాంకరు ఏ పంపు కింద నిలబడాలో, ఎంత నింపుకోవాలో, ఏ బంకుకి వెళ్ళాలో చీటీ రాసిచ్చేది ఆమే. ఆ చీటీ లేనిదే గేటు తెరుచుకోదు. డ్రైవర్లు ఆమెని "చీటీ మేడం" అంటారు. ఎంత మోటు మనిషైనా ఆమె కిటికీ ముందుకొస్తే గొంతు తగ్గిస్తాడు. ఆరు నెలల నుంచి అక్కడ సూపర్‌వైజర్ కుర్చీ ఖాళీగా ఉంది. ఆ పనంతా ఆమే చేస్తోంది, కుర్చీ మాత్రం ఇవ్వలేదు. పోయిన వారమే మేనేజరుగారు పిలిచి, "ఈసారి మీ పేరే పంపుతున్నానమ్మా" అన్నారు. కాళ్ళు నేల మీద ఆనకుండా ఇంటికొచ్చి చెప్పింది. "అయితే ఇంకా పెందలాడే వెళ్ళాలా?" అన్నాడు మొగుడు. "మరి పొద్దుటి పనెవరు చూస్తారు?" అంది అత్తగారు. అంతే. ఆ కబురు అక్కడితో చల్లారిపోయింది. అయినా ఆ కుర్చీ కోసం ఆమె ప్రాణం కొట్టుకుంటూనే ఉంది.

ఇదిగో, అలాంటి ఆదివారమే, పెద్దకోడలు కథ మధ్యలో మంచినీళ్ళు తాగడానికి ఆగింది. ఆ సందులో చిన్నకోడలు నోరు తెరిచింది.

"రేపట్నుంచి రెండ్రోజులు మా డిపోలో పంపు ఆపేస్తున్నారు."

నలుగురి తలలూ ఒక్కసారి ఇటు తిరిగాయి. బావగారి చెయ్యి కంచం మీదే ఆగిపోయింది. పెద్దకోడలు గ్లాసు దించడం మరిచిపోయింది.

"ఆపేస్తున్నారా? అంటే పెట్రోలు రాదా?" అన్నారు బావగారు.

"ఏమైందే? సరిగ్గా చెప్పు" అన్నాడు మొగుడు, కుర్చీ ముందుకు జరుపుకుని.

సరిగ్గా చెప్పడానికి ఇంకా రెండే ముక్కలున్నాయి. ఉన్నవి నాలుగు పంపులు, మరమ్మతుకి ఆపేది ఒక్కటే. ట్యాంకర్లు మహా అయితే ఓ గంట ఆలస్యంగా బయల్దేరతాయి. అంతే సంగతి. కానీ ఆ రెండు ముక్కలూ చెప్పేస్తే తలలు మళ్ళీ దుప్పట్లవాడి వైపు తిరిగిపోతాయని ఆమెకి తెలుసు. ఏడేళ్ళ ఆకలి మీద ఉన్న మనిషి ఒక్క ముద్దతో లేస్తుందా? "చూడాలి" అంది గంభీరంగా. గిన్నె తీసుకుని వంటింట్లోకి నడిచింది. కాసేపు వాళ్ళని అలా కాచుకోనిద్దామనుకుంది. తోడికోడలు చేసేది అదే కదా. స్టవ్ దగ్గర ఊరికే నిలబడి, వెనక వాళ్ళు గుసగుసలాడుతుంటే వింటూ, ఒంటరిగా నవ్వుకుంది. పెళ్ళయ్యాక ఆ ఇంట్లో అంత హాయిగా ఆమె ఎప్పుడూ లేదు.

తిరిగొచ్చేసరికి బల్ల దగ్గర అత్తగారొక్కతే ఉంది. బావగారు కారు తాళాలు తీసుకుని, ఖాళీ డబ్బాలు వెనక సీట్లో పడేసుకుని, తమ్ముణ్ణి వెంటేసుకుని బంకుకి పోయారు. పెద్దకోడలు ఫోను చెవికి ఆనించుకుని పైకెక్కేసింది.

సోమవారం పైవాటా వెనకగదిలోకి బియ్యం బస్తాలెక్కాయి. నూనె డబ్బాలు, పంచదార, సబ్బులు, గ్యాసు బండ కూడా ఎక్కాయి. పెట్రోలు రాకపోతే లారీలు తిరగవు, లారీలు తిరగకపోతే సరుకు రాదు, ఇదీ పెద్దకోడలి లెక్క. "అంత అక్కర్లేదక్కా, ఒక్క పంపే ఆపారు, మిగతా మూడూ నడుస్తున్నాయి" అని ఇప్పుడు చెప్పింది చిన్నకోడలు. ఎవరు వింటారు? "ఊరుకోవే, బంకు దగ్గర జనాన్ని చూడు. వాళ్ళందరూ వెర్రివాళ్ళా?" అని కసిరింది అత్తగారు. మంగళవారానికి బంకుల ముందు తాళ్ళు కట్టి, 'లేదు' అని అట్టముక్కలు వేలాడదీశారు. కొట్లలో అలమరలు బోసిపోయాయి. దాంతో ఇంట్లో పెద్దకోడలికి పట్టాభిషేకం ఒక్కటే తక్కువ.

"వదిన ముందుచూపే లేకపోతే మన గతేంటి?" అన్నాడు మొగుడు.

"ముందు చెప్పింది నేను కదా?"

"నువ్వేదో అన్నావులే. దాన్ని అర్థం చేసుకుంది వదిన."

సొమ్మొకడిది, సోకొకడిది! ఆ రోజు పంచదార నిండుకుందని గిన్నె పట్టుకుని పైకెళ్ళింది చిన్నకోడలు. పెద్దకోడలు కొంగున ఉన్న తాళం చెవితో వెనకగది తెరిచింది. తలుపులోనే నిలబడి కొలిచి పోసింది. "పొద్దున మీ బావగారు నన్నడిగి కారు తీశారే, తెలుసా? ఎంత వాడాలో నన్నడిగి!" అంది. ఆవిడ కళ్ళల్లో చిన్నపిల్ల కళ్ళల్లో ఉండే సంబరం కనబడింది. పాపం, ఈవిడకీ ఈ ఇంట్లో నోరు తప్ప ఏమీ లేదు కాబోలు అనిపించింది చిన్నకోడలికి. జాలిపడదామని చూసింది. రాలేదు. ఆ తాళం చెవి మీదే ఉంది ఆమె చూపంతా.

బుధవారం పొద్దున్నే గుమ్మంలోకి వచ్చి చూస్తే మొగుడు ఆమె స్కూటర్ పక్కన గొంతుక్కూర్చున్నాడు. దాని ట్యాంకులో రబ్బరు గొట్టం పెట్టి, రెండో కొస నోటితో లాగి, థూ థూ అని ఉమ్ముతూ డబ్బాలోకి వదులుతున్నాడు.

"ఏంటిది?"

"వదిన వాళ్ళ పుట్టింటికి వెళ్ళొస్తుందట. కారులో కాస్త తక్కువైంది."

"పైన నాలుగు డబ్బాల పెట్రోలుంది కదా?"

"అది అవసరానికి. ముట్టుకోవద్దంది వదిన."

"మరి నేను పనికి వెళ్ళడం అవసరం కాదా?"

"బస్సులున్నాయిగా" అంటూ మూతి తుడుచుకుని, డబ్బా పట్టుకుని వెళ్ళాడు. పోతూ పోతూ అన్నాడు, "ఊరికే రాద్ధాంతం చెయ్యకు. నీ బండికెంత కావాలి, గుక్కెడు."

బస్సులు లేవు. డీజిలు కోసం అవీ బారులు తీరాయి. నడిచింది. ఊరంతటికీ పెట్రోలు పంపే చీటీ మేడం చెప్పులు ఈడ్చుకుంటూ, చెమటలు కక్కుకుంటూ నడిచింది. బంకు ఉన్న రోడ్డు పొడుగునా బళ్ళే. నిన్నమొన్నటి దాకా పావు ట్యాంకుతో తిరిగినవాళ్ళంతా ఒకే రోజు నిండా పోయించుకోవాలని వచ్చి నిలబడితే ఏ బంకు తట్టుకుంటుంది? పెట్రోలు ఎక్కడికీ పోలేదు, బంకు కింది తొట్లు వదిలి బళ్ళ కడుపుల్లోకి, డబ్బాల్లోకి మారింది, అంతే. కొందరైతే కార్లలో చల్లదనం కోసం ఇంజన్లు ఆపకుండా కూర్చున్నారు. పెట్రోలు కోసం పెట్రోలు తగలేస్తున్నారు.

వరస చివర ఒకావిడ స్కూటర్ని తోసుకుంటూ వచ్చి నిలబడింది. ఒంటి మీద ఆసుపత్రి నర్సు బట్టలున్నాయి. డ్యూటీ దిగి ఇంటికి పోకుండా ఇటే వచ్చిందట. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఇప్పుడు దొరక్కపోతే సాయంత్రం వార్డుకెలా పోవాలో తెలీదంది. చిన్నకోడలు ఆమె దగ్గరికి నడిచింది.

"ఎవరమ్మా చెప్పింది కరువని?"

"ఊరంతా తిరుగుతోందండీ, మీకు రాలేదా?" అంటూ నర్సు ఫోను నొక్కింది. అందులోంచి పెద్దకోడలి గొంతు ఖంగుమని పలికింది. "మా మరిదికి డిపోలో తెలిసినవాళ్ళున్నారు. పంపులు ఆపేస్తున్నారట. ఖాయమైన మాట. మీ మంచి కోరి చెబుతున్నా, అందరికీ పంపండి."

మా మరిదికి! తెలిసినవాళ్ళు! ఆ ఎదురుగా ఉన్న మనిషి అలసట, ఆ బళ్ళ బారు, ఆ ఎండ, ఇవన్నీ ముందు గుండెకి తగలాలి కదా? తగల్లేదు. ముందు తగిలింది ఆ 'మరిది'. చివరికి పుకారులో కూడా నేను లేనా అనుకుంది. నేను పుట్టించిన మాట, నా నోట్లోంచి ఊడిపడిన మాట, అది ఊరు తిరగడానికి కూడా నా మొగుడి భుజమే ఎక్కాలా? అలా అనుకున్నందుకు సిగ్గేసింది. సిగ్గేసినా మంట తగ్గలేదు.

"అది నిజం కాదమ్మా. నేను ఆ డిపోలోనే పనిచేస్తాను. మామూలుకంటే ఎక్కువే పంపుతున్నాం."

నర్సు ఆమెని కాళ్ళ నుంచి తల దాకా చూసింది. దుమ్ము కొట్టుకుపోయిన చెప్పులూ, తడిసిన జాకెట్టూ చూసి, "డిపోలో పనిచేసేవాళ్ళు నడిచి పోతారా అండీ?" అంది. హేళనగా అనలేదు, నిజంగానే అడిగింది.

డిపోకి చేరేసరికి షెడ్డులో అందర్నీ నిలబెట్టారు మేనేజరుగారు. తన ఫోనులో ఆ గొంతునే మళ్ళీ వినిపించారు. "మూడు రోజుల్లో మామూలు కంటే తొమ్మిది ట్యాంకర్లు ఎక్కువ పంపాం. ఆ పంపు నిన్ననే బాగైపోయింది. అయినా ఊరు అల్లాడుతోంది. ఇదంతా ఈ మాటవల్లే. ఎవరీ మరిది? ఎవరు ఈయనగారికి తెలిసినవాళ్ళు? పైనుంచి అడుగుతున్నారు. లోపలి సంగతి వంకరగా బయటికి మోసినవాడికి ఇక్కడ ప్రమోషను ఉండదు, ఉద్యోగం మిగిలితే అదృష్టం" అన్నారు. మాట్లాడుతూనే ఆయన చూపు మగవాళ్ళ మీదుగా పోయి పంపులు బాగుచేసే మిస్త్రీ దగ్గర ఆగింది. మిస్త్రీది పెద్ద నోరు. టీ కొట్టు దగ్గర లోకాభిరామాయణం అంతా అతనిదే. "నేను కాదు సార్, నా పిల్లల మీదొట్టు" అన్నాడు. ఎవరూ నమ్మినట్టు కనబడలేదు. అతను నూనెచేతులు చొక్కాకి తుడుచుకుంటూ అలాగే నిలబడ్డాడు.

మేనేజరుగారు అప్పుడు ఆమె వైపు తిరిగి గొంతు తగ్గించారు. "మీరెందుకమ్మా ఇక్కడ? వెళ్ళి మీ పని చూసుకోండి. దీంతో మీకేం సంబంధం? అన్నట్టు, మీ ప్రమోషను కాగితం రేపు పంపుతున్నాను."

చిన్నకోడలు గుమ్మం దాకా నడిచింది. నడుస్తూనే ఉండొచ్చు. నాలుగడుగుల్లో తన కిటికీ, దాని పక్కనే ఆ కుర్చీ. ఇన్నాళ్ళూ ఆమెని లెక్కలోంచి తీసేసినవాళ్ళే ఇవాళ ఆమెకి ఆ కుర్చీ దొరికేలా చేస్తున్నారు. వదిన అర్థం చేసుకుందన్నాడు మొగుడు, మరిదికి తెలిసినవాళ్ళున్నారంది తోడికోడలు, ఇక్కడేమో ఇది మగవాడి పనే అయ్యుంటుందనుకున్నారు మేనేజరుగారు. ముగ్గురూ కలిసి ఆమెని ఎంత బాగా దాచిపెట్టారు! నోరు మూసుకుంటే సూపర్‌వైజర్. ఇంటికెళ్ళి చెబితే మళ్ళీ "పొద్దుటి పనెవరు చూస్తారు" అంటారు. పైన ఆవిడ తాళం చెవి తిప్పుకుంటూ, తన మాటతో ఏలుతూ ఉంటుంది. మిస్త్రీ ఇంటిదారి పడతాడు. ఆ నర్సు ఇంకా ఎండలోనే ఉండుంటుంది. ఆమెకి భయం వేసింది, కుర్చీ మీద ఆశ గుండెని పట్టుకుని లాగింది, అబద్ధమెందుకు. కానీ ఆ మాట తనది. మంచిదో చెడ్డదో, ఏడేళ్ళలో ఆ ఇంట్లో అందరూ విన్న ఒకే ఒక్క మాట. దాన్ని మొగుడికీ తోడికోడలికీ వదిలేయడం ఆమెకి చేతకాలేదు.

వెనక్కి తిరిగింది.

"మిస్త్రీ కాదండీ. ఆ గొంతు మా తోడికోడలిది. ఆ మరిది మా ఆయన. తెలిసినవాళ్ళంటే నేనే. ఆదివారం ఇంట్లో సగం చెప్పాను, మిగతా సగం కావాలనే దాచుకున్నాను. ఆ మిగతాది కూడా ఊరికి నేనే చెబుతాను, నా గొంతుతోనే."

మేనేజరుగారు ఒక అడుగు ముందుకేసి, మిగతావాళ్ళకి వినబడకుండా, దాదాపు బతిమాలుతున్నట్టు అన్నారు. "ఏంటమ్మా ఇది? అసలు మిమ్మల్నెవరూ అనుమానించనే లేదు కదా!"

"అదేనండీ నా బాధ" అంది చిన్నకోడలు.