పదిహేడు కింద రెండు గీతలు

లావోన్‌ను పట్టపగలు, అందరి కళ్లముందే వ్యాగన్ల మధ్య నుంచి ఈడ్చుకుపోయారు.

అతను చేసిన నేరం ఒక్కటే. యుక్రెయిన్ సరిహద్దుకు పోవలసిన రష్యా సైన్యపు మందుగుండు రైల్లో మూడు వ్యాగన్ల చక్రాలను సుత్తితో కొట్టి చూశాడు. మంచి చక్రం గంటలా మోగుతుంది. పగులున్నది తడి కట్టెలా పలుకుతుంది. ఆ మూడూ మోగలేదు. పక్కపలకల మీద సుద్దతో ‘జబ్బు’ అని రాసి, కింద తన నంబరు పదిహేడు వేశాడు. బెలారూస్ రైల్వేలో ఆ మాట పడిన వ్యాగన్ కదలకూడదు. రాసినవాడు చెరపాలి, లేదా ఫోర్‌మన్ సంతకంతో కాగితం రావాలి. దాన్ని విప్పి పక్కన పెట్టాలన్నా అదే కాగితం. తాతల నాటి పద్ధతి.

రష్యా మేజర్ అతని టోపీ ఊడబెరికి, దాంతోనే ఆ సుద్ద తుడిపించాడు. తర్వాత తుపాకీ మడమతో అతని మోకాలి మీద కొట్టించాడు. ఫోర్‌మన్ రిగోర్ కాగితం మీద సంతకం పెట్టాడు. రైలు కదిలింది.

యానీనా నాలుగడుగుల దూరంలో సుత్తి పట్టుకుని నిలబడిపోయింది. యాభై రెండేళ్ల మనిషి. ముప్పై ఏళ్లుగా జారెచ్చా జంక్షన్‌లో చక్రాలు కొడుతోంది. పోతూ పోతూ లావోన్ ఆమె వైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

షెడ్డులో ఏడుగురు మిగిలారు. పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. ఎవరూ టీ పోసుకోలేదు.

“నాకు పెన్షనుకు రెండేళ్లుంది,” అన్నాడు రిగోర్, ఎవరూ అడక్కుండానే. “నన్ను ఇందులోకి లాగకండి.”

“నిన్నెవరు లాగుతారు బాబాయ్? నీ టీ గ్లాసు వదిలి ఎక్కడికైనా వస్తావా?” అన్నాడు కస్తూస్. ఇద్దరు పిల్లల తండ్రి, ఎప్పుడూ ఎవరినో ఒకరిని ఆటపట్టించే మనిషి. ఇవాళ అతని జోకుకు అతనే నవ్వలేదు.

“మనకెందుకురా అబ్బాయ్. అది వాళ్ల యుద్ధం.”

“వాళ్ల యుద్ధమా? పట్టాలు మనవి. సుత్తులు మనవి. ఊరి ఆసుపత్రిలో మనవాళ్లకు మంచం దొరకడం లేదు, అన్నింటి మీదా కాళ్లు తెగిన వాళ్ల కుర్రాళ్లే. మొన్న వెనక్కొచ్చిన రైలు చూశావుగా. ఎక్కేటప్పుడు టాంకులు, దిగేటప్పుడు మాడిన ఇనుము. వాళ్లు అక్కడ చావుదెబ్బ తింటున్నారు బాబాయ్. గెలిచే సైన్యం డీజిలమ్మి సారా కొనుక్కుంటుందా?”

“ఓడిపోతే పోతారు. మంచిదేగా.”

“ఓడేకొద్దీ మన మీద పడతారు,” అంది యానీనా. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. “ఇవాళ పట్టాలడిగారు. రేపు మన పిల్లల్నడుగుతారు.”

అప్పుడే కిటికీ అద్దాలు గలగలలాడాయి. అడవి వెనక నుంచి రాకెట్లు లేచాయి. యానీనా చేయి దానంతటదే ఫోను మీదికి పోయింది. చెల్లెలు స్తేఫాది సరిహద్దుకు అవతలి ఊరు. ఇంటి కింద ఆలుగడ్డలు దాచుకునే నేలమాళిగ ఉంది. ఇలా ఫోను చేసినట్టు తెలిస్తే జైలు. షెడ్డులో ఆరుగురూ గోడ వైపు తిరిగారు, విననట్టు.

“లేచాయి. దిగు.”

“దిగుతున్నా అక్కా. మెట్టు మంచు పట్టి జారుతోంది.”

ఇక్కడ లేచినది అక్కడ పడే వరకు అక్కాచెల్లెళ్లు మాట్లాడుకోరు. ఒకరి ఊపిరి ఒకరు వింటారు. అటు నుంచి ఒక పెద్ద మోత, తర్వాత దగ్గు.

“పక్కింటివాళ్లది పోయింది,” అంది స్తేఫా. “అక్కా, అవి ఎందులో వస్తున్నాయి మీ దగ్గరికి? రైల్లోనేనా?”

యానీనా ఫోను పెట్టేసింది.

మర్నాడు పొద్దున ఇంకో రైలొచ్చింది. నలభై వ్యాగన్లు, అన్నీ రాకెట్లే. రెండు గంటలకల్లా కదలాలని మేజర్ హుకుం. యానీనా వాటాకు చివరి పది వ్యాగన్లు వచ్చాయి.

మంచులో నడుస్తూ ఒక్కో చక్రమే కొట్టింది. అన్నీ బాగున్నాయి. చిట్టచివరి వ్యాగన్ దగ్గర ఆగింది. ఆ చక్రమైతే పండగనాటి చర్చి గంటలా ఖణేల్‌మంది. ముప్పై ఏళ్లలో ఆమె ఏ చక్రం గురించీ అబద్ధం చెప్పలేదు. సుద్ద తీసి ‘జబ్బు’ అని రాసింది. కింద నంబరు వెయ్యాలి. తనది ఇరవై రెండు. పదిహేడు వేసింది. లావోన్‌ను జైల్లో పెట్టినా అతని నంబరు యార్డులోనే ఉందని వాళ్లకు తెలియాలి.

షెడ్డు దాకా వచ్చి చేతులు కడుక్కుంటుంటే గుర్తొచ్చింది.

నంబరు కింద రెండు గీతలు గీసింది.

తనకు పని నేర్పిన ముసలాయన అలవాటు అది, తన చేతికి అంటుకుంది. ఆయన పోయాక, జారెచ్చాలో పదిహేనేళ్లుగా నంబరు కింద రెండు గీతలు గీసేది యానీనా ఒక్కతే. ఆ సంగతి షెడ్డులో అందరికీ తెలుసు. ఫోర్‌మన్ రిగోర్‌కు మరీ తెలుసు. ఆయన అప్పటికే అటు నడుస్తున్నాడు, మేజర్ పక్కన.

వెళ్లి చెరపడానికి దారి లేదు. సైనికులు ఆ వ్యాగన్ చుట్టూ నిలబడ్డారు. రిగోర్ వంగి ఆ రాతను చాలాసేపు చూశాడు. మేజర్ ఏదో అడిగాడు. రిగోర్ భుజాలు ఎగరేసి, చేతులు కడుక్కొస్తానని చెప్పి షెడ్డు వైపు వచ్చాడు. యానీనా పక్క నుంచే నీళ్ల తొట్టి దగ్గరికి పోయాడు. ఆమె ముఖం చూడలేదు.

అయిపోయింది, అనుకుంది ఆమె. స్తేఫాకు ఇక ఎవరు ఫోను చేస్తారు?

పావుగంటలో ఏడుగురినీ షెడ్డు నల్లబల్ల ముందు వరసగా నిలబెట్టారు. యానీనా వెనక రిగోర్ ఒక్కడే. ముందున్నవాళ్ల వీపులే కనిపిస్తున్నాయి.

“పదిహేడు జైల్లో ఉన్నాడు,” అన్నాడు మేజర్. కళ్లు నిద్ర లేక ఎర్రబడ్డాయి, గడ్డం మాసింది. “మరి పదిహేడని రాసిందెవరు? ఒక్కొక్కరే వచ్చి బల్ల మీద రాయండి. వ్యాగన్ మీద రాసినట్టే రాయాలి.”

కస్తూస్ మొదట వెళ్లాడు. పదిహేడు రాశాడు. కింద ఒక గీత గీశాడు. ఇంకో గీత గీశాడు.

యానీనాకు తాను చూస్తున్నది అర్థం కాలేదు. రెండోవాడు వెళ్లాడు. పదిహేడు, కింద రెండు గీతలు. మూడోవాడు ఎంత గట్టిగా నొక్కాడంటే సుద్ద ముక్కలైంది. కింద పడ్డ ముక్క ఏరుకుని మరీ రెండు గీతలూ పూర్తి చేశాడు.

ఆమె ముందున్న హన్నా వెనక్కి తిరక్కుండానే గొణిగింది: “రిగోర్ నీళ్ల తొట్టి దగ్గర చెప్పాడు. నువ్వు నీలాగే రాసెయ్ వదినా.”

యానీనా వెళ్లింది. రాసింది. ఎప్పుడూ గీసినట్టే గీసింది. ఆఖరున రిగోర్ కూడా రాశాడు. బల్ల నిండా ఏడు పదిహేడులు.

మేజర్ వాటిని ఒక్కొక్కటే చూశాడు. “ఇదేం ఆట?”

“ఆట కాదు, చదువు,” అన్నాడు రిగోర్. “వీళ్లందరికీ పని నేర్పింది నేనే. నా శిష్యులు ఇలాగే రాస్తారు.”

జన్మలో ఒక్కసారి కూడా నంబరు కింద గీత గీయని మనిషి.

“అయితే నువ్వే దొంగల గురువ్వి.”

“ఫోర్‌మన్ని.”

మొదటి దెబ్బకు కళ్లద్దాలు పోయాయి. రెండో దెబ్బకు కూలబడ్డాడు. ఇద్దరు సైనికులు చంకల కింద పట్టి లేపారు. గుమ్మం దగ్గర రిగోర్ ఆగి, రక్తం ఉమ్మి, కస్తూస్ వైపు చూశాడు.

“నా టీ గ్లాసు కడిగి పెట్టరా.”

కస్తూస్ కళ్లు తుడుచుకున్నాడు. భయం పోలేదు, ఎవరికీ పోలేదు. కానీ పొద్దున్నుంచి ఎవరి భయం వాళ్లు మోస్తున్నారు. ఇప్పుడు ఏడుగురి భయమూ ఒక్కటైంది, అందుకే నిలబడగలిగారు.

మేజర్ స్వయంగా వెళ్లి సుద్ద చెరిపేసి బండి తియ్యమన్నాడు. ఇంజను డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. పొద్దుట్నుంచి అంతా చూస్తున్నవాడే.

“జబ్బు రాసిన బండి. కాగితం కావాలి సార్.”

“రాత లేదు. చెరిపేశాను.”

“నేను చూశాను గదా. ఫోర్‌మన్ సంతకం తెప్పించండి, తీస్తాను.”

“ఫోర్‌మన్ అరెస్టయ్యాడు.”

“అయితే కాగితం రాదన్నమాట,” అన్నాడు డ్రైవరు. తల లోపలికి తీసుకున్నాడు. అతన్నీ దింపి తీసుకుపోయారు. రెండో డ్రైవరూ కాగితమే అడిగాడు. రెండు గంటల రైలు చీకటిపడినా పట్టాల మీదే ఉంది.

ఆ సాయంత్రం అడవి మూగబోయింది. ఏడు గంటలకు స్తేఫాయే ఫోను చేసింది.

“అక్కా, ఇవాళేం రాలేదు. ఏమైంది?”

“రాదు,” అంది యానీనా. “ఈ ఒక్క రాత్రి పైన పడుకో.”

రేపటి సంగతి చెప్పలేదు. రేపు సైన్యం సొంత డ్రైవర్లను తెచ్చుకుంటుందని ఆమెకు తెలుసు. మాటిమాటికీ తలుపు వైపు చూస్తూ, బట్టలు మార్చుకోకుండానే, బూట్లతోనే కూర్చుంది. జైలుకు తీసుకుపోతే కావాలని మూటలో వెచ్చటి మేజోళ్లు, సబ్బు, రొట్టె కట్టుకుంది.

తెల్లవారింది. తలుపు కొట్టిందెవరూ లేరు. సుత్తి తీసుకుని పనికి వెళ్లింది.

ఉత్తరం నుంచి మరో సైనిక రైలు ఆరు గంటలు ఆలస్యంగా వచ్చి ఆగింది. వెనక నుంచి ఐదో వ్యాగన్ మీద సైనికులు హడావిడిగా తుడిచిన సుద్ద మరక. సగమే చెరిగింది. దాని కింద పదిహేడు, రెండు గీతలు.

ఆ రాత తనది కాదు. లావోన్‌దీ రిగోర్‌దీ కాదు. జారెచ్చాలో ఎవరిదీ కాదు. ఆ రైలు బయల్దేరిన ఊళ్లో ఆమెకు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. కబురు రాత్రికి రాత్రే పట్టాల వెంట పోయింది.

యానీనా అటూ ఇటూ చూసింది. సుత్తి ఎత్తి చక్రం మీద కొట్టింది. గంటలా మోగింది.

జేబులో సుద్ద కోసం వెతికింది.