ఫీడరుకు పూసిన పౌడరు

ఆ ఆఫీసులో కాపీ మిషను కాగితం నమిలితే, ఆ చప్పుడుకు కింద వీధిలో సైకిలు తొక్కేవాడు తన చెయినే తెగిందనుకుని దిగి చూసుకునేవాడట. ఇది కాస్త సాగదీసి చెప్పిన మాటే అనుకుందాం. కాగితాలను లోపలికి లాక్కునే పై ఫీడరులో పెట్టినవి మాత్రం విసనకర్రల్లా మడతలు పడి బయటికొచ్చేవన్నది అక్షరాలా నిజం.

మిషను పక్కనే రికార్డు గుమాస్తా బల్ల. ఆఫీసంతా ఆయన్ని బాబాయి అనే పిలుస్తుంది. భోజనాల వేళ క్యారమ్స్ బల్ల దగ్గర ఆయన్ని గెలిచినవాళ్ళు లేరు. ఒకసారి ఆయన కొట్టిన స్ట్రైకరు అన్ని అంచులకూ తగిలి, దారిలో ఎర్రకాయను గోతిలోకి తోసి, తిరిగొచ్చి ఆయన వేలి ముందే నిలబడి ‘ఇంకేమైనా పని ఉందా’ అన్నట్టు చూసిందట. ఆయనే చెబుతాడు. ఎవరూ కాదనరు. కాదంటే మళ్ళీ మొదటినుంచీ చెబుతాడు.

ఆ మిషను బాగోగులు చూసుకునేది బాబాయి బావమరిది. ఏదో పెద్ద షాపులో మెకానిక్కుగా ఉన్నవాడు, బావ మాటసాయంతో ఈ ఆఫీసు కాంట్రాక్టు చేతికి రాగానే ఆ ఉద్యోగం మానేసి సొంతంగా చిన్న కొట్టు తెరిచాడు. ఆ కొట్టుకు ఈ ఆఫీసే ఆధారం. ఇక్కడ పని పోతే షట్టరు దించుకోవడమే.

ఆ ఉదయం మేనేజరు మేడమ్ బాబాయి బల్ల ముందుకొచ్చి నిలబడింది.

“బాబాయిగారూ, మీ బావమరిదికి కబురు పెట్టాను. ఇవాళ నా కళ్ళముందు బాగుచేయాలి. మళ్ళీ కాగితం నమిలిందో, ఇంకో కంపెనీ వాళ్ళకి ఫోన్ చేసేస్తాను. తర్వాత నన్ను మొహమాటపెట్టకండి.”

బాబాయికి బావమరిది కొట్టు షట్టరు కళ్ళముందు మెదిలింది. దాంతోపాటు ఆశ్చర్యం కూడా వేసింది. తను రోజూ దానికి వైద్యం చేస్తూనే ఉన్నాడాయె, ఇంకా తగ్గలేదేమిటి?

ఆ వైద్యం సంగతి మూడో కంటికి తెలియదు. ఒక వానరోజు ఫీడరు కాగితాన్ని మింగలేక కక్కలేక ఉండిపోయినప్పుడు, బాబాయికి మెరుపులా ఆలోచన తట్టింది. క్యారమ్స్ బల్ల మీద కాయలు కదలకపోతే ఏం చేస్తాం? పౌడరు చల్లుతాం. కాయకైనా కాగితానికైనా జారడమేగా కావలసింది! ఆఫీసులో క్యారమ్స్ పౌడరు అయిపోయిందని ఇంటినుంచి భార్య వాడే సెంటు పౌడరు డబ్బా తెచ్చి, ఫీడరు మూత ఎత్తి, లోపలి రబ్బరు రోలర్లకు చంటిపిల్లకు రాసినట్టు మెత్తగా రాశాడు. ఆ మధ్యాహ్నం మిషను చక్కగా నడిచింది. అప్పటికి వాన వెలిసి, చెమ్మపట్టిన కాగితాలు ఆరిపోయాయన్న సంగతి ఆయన బుర్రకు తట్టలేదు. తన హస్తవాసి అనుకున్నాడు.

అప్పటినుంచీ అందరికన్నా ముందొచ్చి రోలర్లకు ఓ పూత పూయడం, మిషను మొరాయిస్తే మందు చాల్లేదనుకుని మర్నాడు ఇంకాస్త దట్టించడం. కాగితాలు నలుగుతున్నా ఘుమఘుమలాడుతూ వచ్చేవి.

“ఏంటి బాబాయ్, ఈ కాపీలు బీరువాలో దాచిన పట్టుచీరలా వాసనేస్తున్నాయి?” అని టైపిస్టు ఓసారి అడిగింది కూడా.

“మంచి జాతి మిషనమ్మా. దాని చెమటే అంత” అని సర్దేశాడు బాబాయి.

ఇవాళ మేడమ్ తన గదిలోకి వెళ్ళగానే ఆయన అటూ ఇటూ చూసి సొరుగులోంచి డబ్బా తీశాడు. బావమరిది కొట్టు నిలబడాలంటే మామూలు మోతాదు సరిపోదు. మూత ఎత్తి, సగం డబ్బా లోపల కుమ్మరించి, చేతులు దులుపుకుని ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు.

కాసేపటికి బావమరిది సంచీ భుజాన వేసుకుని వచ్చాడు.

“ఏమోయ్ డాక్టరూ! రోగి ప్రాణం పోయేదాకా ఆగి వస్తావా?”

“నన్ను మా అక్క ఆపేసింది బావా. ఇంట్లో పౌడరు డబ్బాలు తెచ్చినవి తెచ్చినట్టే మాయమైపోతున్నాయట. ‘ఈ వయసులో మీ బావ ఎవరికోసం సోకులు చేసుకుంటున్నాడో ఓ కన్నేసి రారా’ అంది.”

బాబాయికి పొలమారింది. “మీ అక్కకు పనిలేదు. నువ్వు ముందు మిషను మీద వెయ్యి ఆ కన్ను.”

మేడమ్ వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది. టైపిస్టు కుర్చీ ఇటు తిప్పుకుంది. బావమరిది కాగితాలకు పిన్నులూ క్లిప్పులూ లేవని చూసుకున్నాడు. అంచులు వేళ్ళతో విదిలించి, బల్లమీద తట్టి సమం చేశాడు. ఫీడరులో పెట్టి, పక్క పట్టీలు అంచులకు ఆనించి, మీట నొక్కాడు.

మిషను గుర్రుమంది. మొదటి కాగితం వంకరగా దూరి, మధ్యలో ఇరుక్కుని, కరకరా నలిగింది. ఎర్రదీపం వెలిగింది.

మేడమ్ చేతిలోని ఫోన్ వైపు చూసింది.

బావమరిది మూత ఎత్తి, చిరగకుండా కాగితాన్ని అది పోయే దారినే మెల్లగా లాగి తీశాడు. రోలరు మీద వేలు పెట్టాడు. వేలు సర్రున జారింది. ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చిన్నప్పటినుంచీ ఇంట్లో తెలిసిన వాసన, అక్క వాసన. మెల్లగా తలెత్తి బావ చొక్కా చేతుల మీది తెల్లటి మరకలు చూశాడు.

‘అయిపోయింది, ఇక జన్మంతా ఏడిపిస్తాడు’ అనుకున్నాడు బాబాయి. కానీ బావమరిది నవ్వలేదు.

“ఏమైంది?” అంది మేడమ్.

“రోలరు పట్టు తప్పింది మేడమ్. అది కాగితాన్ని గట్టిగా పట్టి లాగాలి. జారితే ఓ పక్క ముందుకెళ్ళి, ఇంకో పక్క వెనకపడి, అడ్డంగా ఇరుక్కుంటుంది.”

జారితే ఇరుక్కుంటుంది! బాబాయికి నెత్తిన పిడుగు పడ్డట్టయింది. ఇన్నాళ్ళూ తను చేసిన వైద్యమే రోగమన్నమాట.

“రోలర్లు మొన్నటి వానలకు ముందేగా మీరు కొత్తవి వేశారు?” అంది మేడమ్. “అప్పుడే పట్టు ఎలా తప్పింది? అంటే పొరపాటు మీదేనా?”

బావమరిది గుడ్డతో వేలు తుడుచుకున్నాడు. “అలాగే అనుకోండి మేడమ్.”

మేడమ్ ఫోన్ తీసి నంబరు వెతకసాగింది. బాబాయి బావమరిది వైపు చూశాడు. తను పెళ్ళిపీటల మీద ఉండగానే చెప్పులు దాచి తెగ అల్లరిపెట్టినవాడు, అన్నం తింటున్నా ఏడిపించకుండా వదలనివాడు, ఇవాళ కొట్టు పోతుందని తెలిసీ బావ పరువుకోసం నోరు కుట్టేసుకున్నాడు. ఆ మౌనం ఆయన్ని ఏ వెక్కిరింతా గుచ్చనంతగా గుచ్చింది.

“మేడమ్, ఆ ఫోన్ కింద పెట్టండి.” సొరుగు లాగి, డబ్బా తీసి, మిషను నెత్తిన టపీమని పెట్టాడు. “వాడి తప్పేం లేదు. పూసింది నేను.”

“ఏం పూశారు?”

“పౌడరు.”

“మిషనుకా? ఎందుకండీ?”

“జారుతుందని.”

టైపిస్టు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. మేడమ్ డబ్బా చేతిలోకి తీసుకుని, వాసన చూసి, నలిగిన కాగితం వాసన చూసి, మళ్ళీ డబ్బా చూసింది. ఆమె పెదవులు వణికాయి. కోపమేమోనని బాబాయి కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి ఆమె గోడకు ఆనుకుని నవ్వుతోంది.

“నా మొహానికైనా ఇంత శ్రద్ధగా రాసుకోలేదు బాబాయిగారూ!”

బావమరిది తడిపి పిండిన గుడ్డతో రోలర్లు తుడిచాడు. ఆ గుడ్డ పిండిమర నడిపేవాడి తలగుడ్డలా తయారైంది. రోలర్లు ఆరాక మేడమే స్వయంగా పెద్ద కట్ట ఫీడరులో పెట్టి మీట నొక్కింది. కాగితాలు ఒకదాని వెనక ఒకటి బుద్ధిగా లోపలికెళ్ళి బయటికొచ్చాయి. నమలలేదు, గుర్రుమనలేదు. బాబాయి చివరి కాగితందాకా చూశాడు.

“కాంట్రాక్టు మీదే,” అంది మేడమ్ బావమరిదితో. “ఒక్క షరతు. మీ బావగారి బల్ల ఆ చివరి గోడ దగ్గరికి జరపాలి.”

క్యారమ్స్ బల్ల ఉండేది ఆ గోడకే కాబట్టి బాబాయి మారుమాట్లాడలేదు.

బల్లకు చెరో వైపూ పట్టుకుని జరుపుతుంటే, ఆయన గొంతు తగ్గించి అన్నాడు. “ఒరేయ్, నువ్వెందుకురా నెత్తినేసుకున్నావు? కొట్టు పోయేదిగా.”

“కొట్టు పోతే ఇంకోటి పెట్టుకుంటాను. నిన్ను చూసి నలుగురూ నవ్వుతుంటే చూస్తూ ఊరుకోలేను బావా. ఆ హక్కు నా ఒక్కడిదే.”

బాబాయికి కళ్ళు చెమర్చాయి. ఆ చెమ్మ ఆరకముందే బావమరిది జేబులోంచి ఫోన్ తీశాడు.

“అక్కా, దొరికింది. బావ పౌడరు పూస్తున్నది తనకు కాదే, ఇంకొకత్తెకి. ఇక్కడే ఆఫీసులో ఉంటుంది. తెల్లగా, బొద్దుగా ఉంటుంది. రోజూ అందరికన్నా ముందొచ్చి స్వయంగా తన చేత్తో...”

“ఒరేయ్! మిషనని చెప్పరా!”

“రాత్రి భోజనానికొచ్చి చెబుతాలే బావా” అని బావమరిది ఫోన్ పెట్టేశాడు.

ఆ సాయంత్రం బాబాయి తెలివిగా ఆలోచించి, దారిలో కొత్త సెంటు పౌడరు డబ్బా కొని ఇంటికి తీసుకెళ్ళాడు. ఆయన భార్య గుమ్మంలోనే నిలబడి ముందు ఆయన్ని చూసింది. తర్వాత డబ్బాను చూసింది.

“ఇది నాకా,” అంది, “ఆవిడకా?”