చివరి రెండు వరుసలు

నేను ఒక ఊలు ముక్కను. నేరేడు రంగు, అరచేతికన్నా కాస్త పెద్ద. స్వెట్టర్‌ని కాను, టోపీని కాను. టోపీ ఎలా అల్లాలో తేల్చుకోవడానికి అల్లిన నమూనాను.

నన్ను అల్లింది లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఉండే ఎస్తేరు. తోటికోడలు దయామణికి క్యాన్సర్ మందుల వల్ల జుట్టంతా ఊడిపోయింది. చూడవచ్చినవాళ్లు ఆమె తలతోనే మాట్లాడేవారు, ముఖంతో కాదు. కొన్న టోపీలు నున్నటి తలమీద నిలవక జారిపోయేవి.

ఎస్తేరు మొదట సూదిని ప్రతి ఉచ్చులోకీ వెనకనుంచి దూర్చి మెలిపెట్టింది. బిగువు వచ్చింది గాని నేను ఒక పక్కకి వంకరపోయాను. దాని పైన రెండేసి ఉచ్చుల్ని ఒకదానిమీదుగా ఒకటి దాటించింది. తాడు పేనినంత అందంగా వచ్చింది, తలకి ఒత్తుకునేంత గట్టిగానూ వచ్చింది. ఆఖరికి పైకి ఉబ్బే కుట్లను మాత్రం మెలిపెట్టి, మధ్యలో ఒదిగే కుట్లను మామూలుగా వదిలేసింది. నన్ను దయామణి నుదుటికి చుట్టి చూసింది.

"ఇది జారుతలేదక్కా! మెత్తగ పట్టుకుంటున్నది. నాకూ నేర్పరాదూ?"

దయామణి నా మీద రెండు వరుసలు అల్లింది. ఒకచోట బిగుతు, ఒకచోట వదులు. మెలికలు అన్నీ ఎదురు తిరిగాయి. ఎస్తేరు సరిచేయబోతే చెయ్యి పట్టుకుంది.

"ఉండనియ్యక్కా. నా చేతిది."

టోపీ నడినెత్తి దాకా వచ్చేసరికి దయామణి పోయింది.

మర్నాడు మధ్యాహ్నమే భూస్థాపన. పొద్దున్నే ఎస్తేరు సూదులు పట్టుకు కూర్చుంది. టోపీ పైభాగం మూయాల్సినచోట ఊలు అయిపోయింది. ఆ రంగు ఊలు ఇంట్లో ఇంకెక్కడా లేదు, నాలో తప్ప. అల్లిక విప్పాలంటే చివర అల్లిన వరుస నుంచే విప్పాలి.

ఆమె నన్ను ఒళ్లో పెట్టుకుని, దయామణి అల్లిన రెండు వరుసల మీద వేలు నడిపింది. తర్వాత లాగింది. దయామణి వేసిన ఉచ్చులు ఒక్కొక్కటే ఊడొచ్చాయి. ఆ పోగు ఇంకా వంకరటింకరగానే ఉంది. ఎస్తేరు దాన్ని సాపు చేయలేదు. అలాగే సూదికెక్కించి టోపీ మూసింది.

పెట్టెలో దయామణి తలకి అది సరిగ్గా సరిపోయింది. దయామణి భర్త, ఎస్తేరుకు మరిది అయిన ప్రభుదాస్ వంగి, టోపీ అంచుని వేలితో తడిమాడు.

"ఎప్పుడు పూర్తి చేసినవ్ వదినా? దయ చూసుకున్నదా?"

ఎస్తేరు పిడికిలిలో నేను నలిగిపోయాను.

"చూసుకున్నదయ్యా," అంది. "మస్తు సంబరపడ్డది."

ఇప్పుడు నేను ఆమె బీరువాలో, చలికాలం దుప్పట్ల కింద ఉన్నాను. ఆ తర్వాత ఎస్తేరు చాలామందికి స్వెట్టర్లు అల్లిపెట్టింది. మెలి కుట్టు వేయమని ఎవరైనా అడిగితే, తనకు రాదంటుంది.