తవిటయ్య కత్తి కింద పెట్టిన రోజులు

నేను ఒక సెలూను కుర్చీని. నా కథ కన్నా ముందు పాన్‌షాపు బంగారినాయుడి సంగతి చెప్పాలి. లేకపోతే నా కడుపుమంట చల్లారదు. ఏళ్ల తరబడి ప్రతి ఆదివారం నా మీద వెనక్కి వాలి, గడ్డం పైకెత్తి నిద్రపోయిన మనిషి అతను. పీక మీద మా మంగలి తవిటయ్య కత్తి నడుస్తుంటే గురక పెట్టేవాడు. అంత నమ్మకం! ఆ మనిషే ఒకరోజు బజారులో నిలబడి, "పిచ్చాసుపత్రికెళ్లొచ్చినోడి చేతికి పీకెవుడిస్తాడ్రా?" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా ఒడి ఖాళీ అయిపోయింది.

నేను పుట్టింది విశాఖపట్నంలో. కాళ్లు పోత ఇనుము, చేతులు టేకు, పైన ఆకుపచ్చ రెక్సిను. తవిటయ్య తండ్రి నన్ను గడ్డి చుట్టి లారీలో తెచ్చి, విజయనగరం అవతల ఈ చిన్న బజారులో, వీధి వైపు కిటికీ పక్కన నిలబెట్టాడు. అదే నా రాజ్యం. మెడకు గుడ్డ చుట్టాక సర్పంచి అయినా, కోళ్ల దొంగ అయినా ఒకటే తలకాయ. నాకు చదువు లేదు గానీ తలకాయల సంగతి బాగా తెలుసు.

తండ్రి పోయాక కత్తి తవిటయ్య చేతికి వచ్చింది. అంత తేలికైన చెయ్యి నేను మళ్లీ చూడలేదు. ఒక ఏడాది మాత్రం అతనికి నిద్ర తగ్గింది, మాట పెరిగింది. కొట్టు గోడలకు మూడు రంగులు వేశాడు. బజారంతటికీ గడ్డాలు ఉచితమన్నాడు. నాలాంటి కుర్చీలు ఇంకో పదింటికి బయానా ఇచ్చేశాడు. నేనొక్కదాన్ని చాలనా! అప్పుడు మాత్రం బజారు జనం, బంగారినాయుడితో సహా, నవ్వుకుంటూ వచ్చి ఉచితంగా గడ్డాలు గీయించుకుని పోయారు. ఎవరికీ భయం వెయ్యలేదు. తరవాత ఆ గాలి దిగిపోయింది. తవిటయ్య నన్ను అద్దం నుంచి గోడ వైపు తిప్పి, నాలో ముడుచుకుని కూర్చున్నాడు. తిండి లేదు, పలుకు లేదు.

చుట్టాలు తాయెత్తు అన్నారు, దెయ్యం అన్నారు. అతని భార్య నీలవేణి వినలేదు. బస్సెక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. బైపోలార్ అనే జబ్బు అన్నారట, మందులు రాశారట. మనిషి తేరుకున్నాడు. బాగున్నాను కదా అని మందులు మానేశాడు. మళ్లీ పడ్డాడు. రెండోసారి లేచాక, కత్తిని తోలు మీద సాన పడుతూ పెళ్లాంతో అన్నాడు: "నిన్న బాగా తెగినాదని ఇయ్యేళ సాన మానీస్తామేటి? మందూ అంతేనే." ఆ తరవాత ఒక్క పూటా మానలేదు.

అంతే కాదు. నిద్ర సరిగా పట్టని పొద్దున, "ఇయ్యేళ నా చెయ్యి తొందర పడతాంది, ఎవులికైనా గాటు పడిపోద్ది," అని తనే కత్తి మడిచి నీలవేణికి ఇచ్చి, తలుపుకు సెలవని అట్ట తగిలించి, డాక్టరు దగ్గరికి వెళ్లేవాడు. పూట కూలి పోయినా సరే. నేను ఇంతమందిని మోశాను గానీ, తన మనసు వాతావరణం తనే చూసుకుని పని ఆపే మగవాణ్ణి ఇతన్నే చూశాను.

బంగారినాయుడికి అది వేరేగా కనబడింది. "చూసినారా, పెళ్లామే కత్తి దాచీస్తంది!" జనం రావడం మానేశారు. ఈ కొట్టు సొంతదారూ అతనే కావడంతో, "బేరం లేదు కదా, ముందు సగం నా సామాన్లకి వదిలీ, అద్దె తగ్గిస్తాను," అన్నాడు. నన్ను వెనక మూలకు ఈడ్చారు.

ఒక సోమవారం బంగారినాయుడి కూతురు గౌరి ఏడాది బిడ్డను ఎత్తుకుని వచ్చింది, పుట్టు వెంట్రుకలు తీయించడానికి. వెనకే ఆమె తమ్ముడు. మేనమామ ఒడిలోనే కదా తీయాలి, అతను బిడ్డను ఒళ్లో పెట్టుకుని నాలో కూర్చున్నాడు. తవిటయ్య కత్తి ముట్టలేదు. ఈ తల కాదంటే ఇక ఏ తలా రాదని అతనికి తెలుసు. మెత్తటి మాడు. గాటు పడితే?

"రాత్రి నిద్రపోనావా బాబాయ్?" అంది గౌరి.

"పోనానమ్మా."

"మందేసుకున్నావా?"

"ఏసుకున్నాను."

"అయితే కానీ."

గుమ్మంలో బంగారినాయుడు దిగబడ్డాడు. "నీకేటైనా మతుందా? ఆ చేతికి నా మనవణ్నిస్తావేటి?"

గౌరి వెనక్కి తిరగలేదు. "బాగులేని రోజున కత్తి కింద పెట్టీసిన మనిషి నాన్నా. నువ్వు తాగీసి బండి తోలడం ఏనాడైనా మానీసినావా?"

బజారు విన్నది. తమ్ముడు నవ్వాపుకోలేక దగ్గాడు. తవిటయ్య వేళ్లు తడి చేసుకుని బిడ్డ తల నిమిరాడు. కత్తి నడిచింది. బిడ్డ ఏడవలేదు సరికదా, కునుకు తీశాడు. తాత పోలిక!

మరుసటి ఆదివారం నుంచి ఒక్కొక్కరే వచ్చారు. బంగారినాయుడూ వచ్చాడు, గడ్డం పైకెత్తి కూర్చున్నాడు. తవిటయ్య అతనికీ ఎప్పటిలాగే తేలిగ్గా గీశాడు. అంత మంచితనం నాకు రాదు. తవిటయ్య పోగొట్టుకున్న పేరు తిరిగి తెచ్చుకున్నాడు. నాకు తిరిగి రానిది కిటికీ పక్కన నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు నేల. అక్కడ ఇప్పుడు బంగారినాయుడి సోడాల ఫ్రిజ్ ఉంది.