ఒక్క వేలితో చూపిన చోటు

తీసేస్తే ఎవరూ అడగరు, తీయకపోతేనే అడుగుతారు. పెద్ద డాక్టరు అన్న ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. నిజమే కదా, అనుకుంది సర్జన్. అపెండిక్స్ లేకుండా ఎంతమంది బతకడం లేదు? కాసేపట్లో అయిపోయే పని. ఆ తర్వాత హాయిగా నిద్రపోవచ్చు. ఎవరు, రోగా, తనా?

తెర మీద స్కాన్ బొమ్మని మళ్ళీ పెద్దది చేసింది. అపెండిక్స్ సన్నగా, బుద్ధిగా, తన చోట తానుంది. దానికి కాస్త పైన, పెద్దపేగుకి వేలాడే కొవ్వు ముక్క ఒకటి మెలిపడి వాచింది. చుట్టూ తెల్లటి అంచు. నిజంగా అదే అయితే కత్తి అక్కర్లేదు, నొప్పి మాత్రలతో కొన్నాళ్ళకి అదే సర్దుకుంటుంది. పుస్తకంలో చూసింది గానీ మనిషిలో చూడడం ఇదే మొదలు. అదే భయం. ఉన్నది కనిపిస్తోందా, కావాలనుకున్నది కనిపిస్తోందా? పెద్దాయన మాట కాదన్న పేరు కోసం ఈ పిసరంత కొవ్వుని పట్టుకు వేలాడుతోందా? రేపు అపెండిక్స్ పగిలితే ఈ తెల్లటి అంచు వచ్చి సాక్ష్యం చెబుతుందా?

థియేటర్ నుంచి ఫోన్. "అంతా సిద్ధం మేడమ్, రోగిని తెప్పించమంటారా?"

"ఆగండి. మనిషిని ఇంకోసారి చూసొస్తాను."

వార్డులో బస్సు డ్రైవరు మోకాళ్ళు ముడుచుకుని పడుకున్నాడు. నొప్పి ఎక్కడంటే ఒక్క వేలితో చూపించాడు. నిన్నా అదే చోటు, అంగుళం కదల్లేదు. జ్వరం లేదు, వాంతి లేదు.

"ఇంకేమన్నా బాధుందా?"

"ఆకలండీ. మంచినీళ్ళు కూడా ఇవ్వట్లేదు."

"పొట్ట కోస్తామంటుంటే పొట్ట గోలేనా?" అంది భార్య. "మా పెళ్ళి ఫొటోలు చూడాలి డాక్టరుగారూ, ప్రతి దాంట్లో నములుతూనే ఉంటాడు."

"నువ్వూరుకోవే, నవ్వితే పొడుస్తోంది."

సర్జన్ నవ్వలేకపోయింది. అపెండిక్స్ వాచిన మనిషి తిండి పేరెత్తితేనే మొహం తిప్పుకుంటాడు. చాలావరకు. ఆ 'చాలావరకు' దగ్గరే చిక్కంతా.

"ఇవాళ కోయొద్దనుకుంటున్నాను," అంది. "ఇక్కడే ఉండాలి. రక్తం మళ్ళీ చూస్తాం. జ్వరమొచ్చినా, నొప్పి పాకినా అప్పుడు నేనే కోస్తాను."

భార్య మొహంలో నవ్వు ఆరిపోయింది. "నమ్మకమేనా అమ్మా?"

"నూటికి నూరని చెప్పలేను. కానీ కోయడానికి నాకు కారణం కనిపించడం లేదు."

భార్య భర్త వైపు చూసి తలూపింది.

కడుపులో ఏదైనా పడితే మత్తు డాక్టరు ఈ పూటకి ఆపరేషన్‌కి ఒప్పుకోడు. ఆ తర్వాత పెద్దాయనకి జవాబు చెప్పాల్సింది తనొక్కతే.

"తినడానికి ఏమన్నా ఉందా?"

భార్య సంచిలోంచి బ్రెడ్డు పొట్లం తీసింది. సర్జన్ అందుకుని, కాగితం చింపి, ఒక ముక్క తీసి డ్రైవరు చేతిలో పెట్టింది.