పదహారు నిమిషాలు

"ఆరూ నాలుక్కి గేటు దాటావు. ఇంటికొచ్చేసరికి ఏడుకి పది తక్కువ. బస్సులో అరగంట. మిగతా పదహారు నిమిషాలు ఎక్కడున్నావు?" అన్నాడు భర్త, కంచంలోంచి తలెత్తకుండా. ఆమె రెండోసారి అన్నం వడ్డిస్తోంది.

చొక్కాలు కుట్టే ఆమె ఫ్యాక్టరీలో కొత్తగా మూడు ఇనప చేతుల తిరుగుడు గేటు పెట్టారు. కార్డు చూపిస్తే ఒక్క మనిషికి సరిపడా తిరిగి మళ్ళీ బిగుసుకుంటుంది. ఆడమనిషి దాటినప్పుడల్లా ఇంటివాళ్ళ ఫోనుకి మెసేజ్ వెళ్తుంది. భద్రత కోసమట! మగవాళ్ళ కార్డులకి ఆ ఏర్పాటు లేదు. పాపం, వాళ్ళేమైపోయినా ఎవరికీ పట్టదు కాబోలు. ఫారంలో నంబరు దగ్గర భర్త తన నంబరే రాసేశాడు. "నీకెందుకీ తలనొప్పి," అన్నాడు కూడా.

ఆ పదహారు నిమిషాలూ ఆమె బస్టాపు బల్లమీద కూర్చుంది. అంతే. తెల్లారకముందే లేచి గిన్నెలు, అత్తగారి మందులు, పిల్లదాని జడలు, ఆపైన ఫ్యాక్టరీలో మూడు వందల కాలర్లు. మొదటి బస్సు వదిలేసి, చెప్పులు విడిచి, ఎవరికీ ఏమీ అందివ్వకుండా కూర్చునేది ఆ బల్లమీదే. ఆ మాటే చెప్పింది. "కూర్చోడానికి ఇంట్లో కుర్చీల్లేవా తల్లీ?" అంది అత్తగారు. ఉన్నాయి, ఆరు. ఆమె కూర్చోగానే ఎవరో ఒకరికి మంచినీళ్ళు గుర్తొస్తాయి.

ఆ వారమంతా నోరుమూసుకుని మొదటి బస్సే ఎక్కింది. శనివారం పొద్దున జడ వేస్తూ, ఏ తప్పూ లేకుండా కూతురి వీపుమీద ఒక్కటేసింది. పిల్ల ఏడవలేదు, వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపుకి ఆమెకి భయమేసింది. ఆ పదహారు నిమిషాలు తనకి అన్నమంత అవసరమని అప్పుడు తెలిసింది.

మధ్యాహ్నం ఆఫీసుకెళ్ళి, నంబరు మార్చి తనది పెట్టమంది. గుమాస్తా కంప్యూటర్లో ఏదో నొక్కాడు.

"పాత నంబరుకి కోడ్ వెళ్ళిందమ్మా. మీ ఆయన్నడిగి చెప్పండి, మార్చేస్తాను."

దొంగ చేతికే తాళాలిచ్చినట్టుంది.

"కార్డే లేకపోతే?" అని అడిగింది.

"పక్క గేటు దగ్గర రిజిస్టర్లో సంతకం పెట్టాలి. రెండు పూటలా లైను. పొద్దున పావుగంట ముందు రావాలి. ఎందుకొచ్చిన తిప్పలమ్మా?"

"వస్తాను," అని మెడలోంచి కార్డు తీసి బల్లమీద పెట్టింది.

సాయంత్రం లైన్లో నిలబడి సంతకం పెట్టి, బస్టాపు దగ్గర కూర్చుంది. చెప్పులు విడుస్తుంటే ఫోను మోగింది.

"ఏదో కోడ్ వచ్చింది, ఏంటది? మధ్యాహ్నం నుంచి ఫోన్ చేస్తుంటే తియ్యవేం? గేటు మెసేజ్ కూడా రాలేదు. ఇంకా లోపలే ఉన్నావా?"

అవునంటే సరిపోయేది. పని ఎక్కువుందంటే నమ్మేవాడు కూడా. మొదటి బస్సు వచ్చి ఎదురుగా ఆగింది.

"లేదు. బయటికొచ్చాను."

"బయటంటే ఎక్కడ?"

"కూర్చున్నాను," అంది. "లేవాలనిపించినప్పుడు వస్తాను."